జెండా పండుగకు కంకి పిలుపు

కూసో సాయీ, నిలబడి మాట్లాడితే నాకు మెడ గుంజుతది. ఆ స్టూలు గాదు, దానికి కాలిరిగింది, ఆ టైరు మీద కూసో. శాలువ ముచ్చట తర్వాత చెప్పుదువు గని, ముందుగాల ఆ బొగ్గులు జెర ఊదు. వానకు నెమ్మెక్కినయి, అంటుకుంటలెవ్వు. ఆ, గట్ల. గీ కంకి నీది. బీర్కూర్ దిక్కు చేనుది, పాలమీదున్నది, పండ్లు లేని నాకే కొరుకుడుపడుతుంది, ఇగ నీకేంది. ఆ పక్కది ముట్టకు. అది నీది కాదు. ఎవరిదైతే నీకేంది, తిను ముందు. ఇగ ఇప్పుడు చెప్పు. రేపు జెండా కాడ నన్ను కుర్చీల కూసోపెట్టి శాలువ కప్పుతరా? మైకుల ఏమంటరు? 'మన గల్లీల మొట్టమొదలు జెండా పండుగ వెట్టిన పెద్దమనిషి హన్మంతు గారు' అంటరా? ఎవరు చెప్పిండ్రు నీకు గా మాట? మీ బాబాయా? రాజేంద్రప్రసాద్ చెప్పిండా? నేనే అనుకున్న. ఆయనకు ఎరుకలేక చెప్పిండనుకుంటున్నవా? ఆయనకు ఎరుకున్నంత మంచిగ గీ గల్లీల ఇంకెవ్వనికి ఎరుకలేదు. ఎరుకుండే చెప్పిండు. నా భుజాల మీద శాలువ కప్పితే దాని కింద ఆమె సుత కప్పువడిపోతది గద, గందుకు.

కోపమెందుకు తాతా అంటవు. రాదా మల్ల? వయసు మీదికొస్తే కోపం తగ్గుతదని ఎవడో చెప్తడు, వాడు ముసలోడు కాలేదన్నట్టు. నీ మీద గాదు లే. నువ్వు సెక్రటరీవి, చెప్పిన పని చేస్తున్నవు. మీ అన్న పోయి ఏడాది నిండలేదు, మీ ఇంట్ల ఈ యేడు పండుగ లేదు. ఉగాది చెయ్యలే, రాఖీ కట్టుకోలే, అన్ని నాకెరుకే. అయినా జెండా పని మీద తిరుగుతున్నవు. తప్పులేదు, తిరుగు. జెండా పండుగకు మైల లేదు. గీ మాట ఎవరన్నరో చెప్పు చూద్దాం? ఏ లీడరూ అనలే. అంజవ్వ అన్నది. గీ గల్లీల జెండా పండుగ వెట్టింది ఆమె. నేను కాదు. నేను పైపు పాతిన, గంతే.

అంజవ్వ ఎవరు అంటవు. చూడు, గిదే నా కడుపుమంట. గీ మోరి మీదికెళ్ళి దుంకులాడి పెరిగిన పోరనివి, నీకే ఎరుకలేదంటే ఇగ రేపు పుట్టెటోళ్ళకేమెరుక. నువ్వు కూసున్న తావుల్నే ఆమె కుంపటి ఉండె. వానకాలం మక్క కంకులు, చలికాలం పల్లికాయ, ఎండకాలం తాటిముంజలు. మొగడు నిజాంసాగర్ కాల్వ పనికి పోయి జ్వరంతోని పోయిండు, అప్పటికి ఆమె నిండ పడుసు. పిల్లలు లెవ్వు. నోరైతే, అబ్బో, బేరమాడినోన్ని బస్సెక్కేదాంక తిడుతుండె. ఒకపారి పిట్లం బస్సు డ్రైవరు గుంతల నీళ్ళు ఎగజిమ్మి ఆమె కుంపటి ఆర్పిండు. పోయి బస్సుకు అడ్డం నిలబడ్డది. 'దిగు. దిగి నా అగ్గి మల్ల అంటువెట్టి పో' అన్నది. దిగిండు గద మల్ల. దిగి ఖాకీ డ్రెస్సు మీద విసనకర్ర పట్టుకొని ఊపిండు, బస్సుల ఉన్నోళ్ళంత కిటికీలకెంచి చూసుడు, నవ్వుడు. గప్పుడు నాది కిరాయి సైకిళ్ళ దుకాణం, గంటకింత అని ఇస్తుంటి. ఇప్పుడు ఎవడెక్కుతుండు సైకిలు, సంకల పిల్లగాడు సుత బండే కావాలంటుండు. సరే, అది వేరే ముచ్చట.

గసుంటి నోరున్న మనిషి, పెండ్లి బ్యాండు సప్పుడు వినవడంగనే కుంపటి పట్టుకొని ఆ సందులకు జరుగుతుండె. ఉడుకుడుకు కుంపటి, చేతులు కాలంగ. పెండ్లోళ్ళకు ఎదురైతే శకునం చెడిపాయె అంటరని. ఎవ్వరు అనకముందే జరుగుతుండె. నాకు చూడబుద్ధయ్యేది కాదు. 'ఎందుకు జరుగుతవక్కా, రోడ్డు వాళ్ళయ్యదా' అంటే, 'జరుగు అనిపించుకునేదానికంటె జరుగుడే నయం హన్మంతూ' అంటుండె. బ్యాండు పోయినంక మల్ల ఇక్కడికొచ్చి కూసోని, మల్ల తిట్లు షురూ.

జెండా ముచ్చట అడిగినవు గద, దానికాడికే వస్తున్న. మా నాయిన చెప్తుండె, దేశమంత జెండా ఎగిరిన నాడు మన దిక్కు ఎగరలేదట. ఇక్కడ నిజాం రాజ్యం, జెండా పట్టుకున్నోన్ని పట్టుకపోతుండ్రట. మనకు మల్ల ఏడాది దాటినంక గని ఆ సంబురం రాలె. గందుకే మా నాయిన వయసోళ్ళు జెండా పండుగ అంటే పొద్దుగాలనే తానాలు చేసి తయారు. కని ఎక్కడ పోవాలె? తాసీల్ కచేరిల ఒకటి, బడులల్ల ఒకటి. పిల్లలు తెల్లంగి వేసుకొని జై జై అనుకుంట రోడ్డు మీద తిరుగుతరు, కాయితంల బూంది పెడుతరు, వాన పడుతది, బూంది నానుతది, దాన్నే నాకుకుంట ఇంటికొస్తరు. పెద్దోళ్ళకు ఏమున్నది? హమాలోళ్ళు, బీడీలు చేసేటి ఆడోళ్ళు కచేరి గేటు బయటికెంచి చూసుడే. లోపట కుర్చీలు ఆఫీసరోళ్ళయి. అది తొంభై ఒకటో, రెండో. పాడువడ్డ బోరింగు పైపొకటి మోరి పక్కకు పడి ఉండె. మేం నలుగురం కల్సి దాన్ని తెచ్చి నా దుకాణం ముందట పాతినం. మనది మనం ఎగరేసుకుందామని. మంచిగనే అనుకున్నం, కని బుద్ధి యాడికి పోతది? ఎగరేసెతందుకు మల్ల ఒక పెద్దమనిషినే పిలిచినం.

ఆయన పేరు ఎందుకు లే, పోయిండు. పొద్దుగాల వస్త అన్నడు. పొద్దెక్కింది. వస్తుండు, తానం చేస్తుండు, పూజల ఉన్నడు, ఇగ బయలెల్లిండు అని మనిషి మీద మనిషి వచ్చి చెప్పుడు. పిల్లలు ఎండల నిలబడి నిలబడి, ఒక పొల్ల కండ్లు తిరిగి పడ్డది. అంజవ్వ కుంపటి కాడికెంచి లేచింది. ఆ పొల్లను నీడకు పండవెట్టింది, నీళ్ళు తాపింది. తాపి, సక్కగ పైపు కాడికొచ్చి నిలబడి, 'ఏంది హన్మంతూ, గీ తాడు గుంజుడుకు పెండ్లికొడుకు రావాల్నా' అన్నది. తాడు పట్టుకున్నది. గప్పుడు బట్టల దుకాణం తారాచంద్ సేటు ముందటికొచ్చిండు. చెడ్డోడు గాదు పాపం, మెల్లగనే అన్నడు, 'అవ్వా, మంచి పని షురూ చేస్తున్నం, నీ చెయ్యి ఎందుకు' అని. నేను అనుకున్న, ఇగ ఈమె కుంపటి పట్టుకొని సందులకు పోతదని.

పోలే. అసలు తిట్టనే లేదు. నిమ్మలంగ అడిగింది. 'సేటూ, గిది ఏ దేవుని పండుగనో చెప్పు. దీనికి పంతులున్నడా? ముహూర్తమున్నదా? పెండ్లికి జరుగుమంటే జరిగిన. బొడ్రాయి పండుగకు జరుగుమంటే జరిగిన. బతుకమ్మ నాడు గౌరమ్మను ముట్టకంటే ముట్టలే. దేశానికి సుత ముత్తైదువే కావాల్నా?' అన్నది. సేటు పక్కకు జరిగిండు. ఇంతల గుంజింది. ఎగిరింది జెండా. ఆగమాగంల పూలు పెట్టుడు మర్చిపోయినం, ఉత్త గుడ్డనే ఎగిరింది. పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. ఆ పెద్దమనిషి వచ్చేసరికి అందరు బూంది తిని ఎవరిండ్లకు వాళ్ళు పోయిండ్రు. ఏమన్నడో తెలుసా? 'నేను లేకుంట ఎట్ల చేసిండ్రు' అన్నడు. ఎట్ల చేసినం అంటే, గట్లనే చేసినం.

ఇగ ఆ మరుసటి యేడుకెంచి ఆమె రివాజు వెట్టింది. ఏ పండుగకు ఎవరు పిలువని మనిషున్నడో, గా మనిషే గీ జెండా గుంజాలె. ఎవరనేది ఆమెనే చూస్తుండె. పేరంటానికి బొట్టు పెట్టి పిలుస్తరు గద. బొట్టు పెట్టరాదన్న మనిషిని ఎట్ల పిలుస్తవు? గందుకు ముందటి రోజు మాపటికి ఒక మంచి కంకి ఏరి, కాల్చి, ఉప్పుకారం రాసి, ఆకుల చుట్టుకొని వాళ్ళింటికి పోతుండె. చేతుల పెట్టి, 'పొద్దుగాల జెండా గుంజాలె, తానం చేసి రా' అంటుండె. గదే పిలుపు. ఒక్క గింజ ఊకనే ఇయ్యని మనిషి, ఏడాదికి ఆ ఒక్క కంకి మాత్రం ఊకనే ఇస్తుండె.

మొదలు పండరి తాన పోయింది. పండరి అంటే దెగ్లూరు దిక్కు మనిషి, మరాఠీ మాట్లాడుతుండె, పెద్దరోగం మనిషి, వేళ్ళు సగం లెవ్వు. బస్టాండు వెనుక గోనె సంచుల గుడిసెల ఉంటుండె. కంకి చూసి 'నకో బాయీ, నకో' అని వెనుకకు జరిగిండట. వద్దు తల్లీ అని. ఈమె ఇంటదా. పొద్దుగాల వచ్చిండు, గడ్డం తీసుకొని వచ్చిండు. తాడు వేళ్ళకు దొరకదు గద, మణికట్టుకు చుట్టుకొని గుంజిండు. అయింది. మల్ల బూంది పంచుడు సుత ఆయనే పంచాలె అన్నది ఈమె. ఎవరు ముట్టాలె? పిల్లలను తల్లులు వెనుకకు గుంజుకుంటున్నరు. అంజవ్వ పోయి దోసిలి పట్టింది, పెట్టించుకున్నది, అందరి ముందట తిన్నది. 'ఇగ మీ ఇష్టం, నాకైతే మిగిలితే నయమే' అన్నది. గల్లీ పోరగాండ్లు అందరికన్న ముందుగాల ఉరికిండ్రు. బూంది కాడ పోరగాండ్లకు రోగాలు కనబడవు గద.

ఇగ నువ్వు ఇనాల్సిన ముచ్చట గిది. మీ తాత బ్రహ్మానందం గారు పోయిన యేడు. ఆయన మంచి రైతు, గుంటూరు దిక్కుకెంచి వచ్చి కాల్వ కింద భూమి పట్టి, రాళ్ళు ఏరి పొలం చేసిండు. గుండె ఆగి పొలం గట్టు మీదనే పోయిండు. మీరప్పుడు పొలాల కాడ మీవోళ్ళ క్యాంపులనే ఉండిరి, ఇంకా ఊర్లకు రాలె. మీ నాయనమ్మ సుబ్బరత్నమ్మ ఇగ ఇంట్లకెంచి బయటికి రాదు. గడప దాటదు. అంజవ్వ ఏం చేసింది, బీర్కూర్ బస్సెక్కి క్యాంపుకు పోయింది కంకి పట్టుకొని. ఏం జరిగిందో వచ్చి నాకు చెప్పింది, నవ్వుకుంట, మీ నాయనమ్మ లెక్క మాట్లాడుకుంట. 'నాకెందుకమ్మా ఇవన్నీ, ఎవరైనా చూస్తే బాగోదు, మా వాళ్ళేమనుకుంటారు' అన్నదట. ఈమె అన్నదట, 'నీ చేతి వంట ఇంటిల్లిపాది తింటలేరా? తింటుండ్రు గద. వండితే అంటని మైల తాడు గుంజితే అంటదా' అని. మీ నాయనమ్మ ఆ కంకిని పట్టుకొని లోపటికి పోయిందట.

పొద్దుగాల వచ్చింది. ఎవరు తోల్కొచ్చిండ్రో తెలుసా? మీ బాబాయే. రాజేంద్రప్రసాదే, తన స్కూటర్ మీద కూసోపెట్టుకొని తెచ్చిండు. మంచిగుండె అప్పుడు పోరడు, అవ్వా అవ్వా అని అంజవ్వ ఎంటే తిరుగుతుండె. మీ నాయనమ్మ తెల్లటి నేత చీర కట్టుకున్నది, నెత్తి నిండ కొంగు. నేను జెండా లోపట గన్నేరు పూలు, గులాబి రెక్కలు నింపి కట్టిన. గుంజింది. ముడి ఇప్పుకున్నది, పూలన్ని జలజల ఆమె మీదనే పడ్డయి. కొంగు జారిపోయింది, ఎంట్రుకల నిండ పూలు. మొగడు పోయినంక ఆమె నెత్తి మీద పూవు పడుడు గదే మొదలు. ఎవరికన్న కొడుకు పెండ్లి కాడ సుత పడదు గద. ఆమె దులుపుకోలే సాయీ. పాట అయిపోయేదాంక గట్లనే నిలబడ్డది, పూలతోని. ఇంటికి పోయేటప్పుడు సుత దులుపుకోలే, స్కూటర్ వెనుక కూసుంటే గాలికి ఒక్కొక్కటి పడుకుంట పోయినయి. మీ బాబాయి చప్పట్లు కొట్టిండు గా దినం. అందరికన్న గట్టిగ కొట్టిండు. నేను నా కండ్లతోని చూసిన. గందుకే నాకు ఆయన మీద ఇంత కోపం. తెలువనోడు చేస్తే తెలువక చేసిండు అనుకుందు.

గట్ల నడిచింది. ఒక యేడు పిల్లలు పుట్టలేదని అత్తగారు ఎల్లగొట్టిన ఆమె గుంజింది. ఒక యేడు జేలుకు పోయొచ్చినోడు గుంజిండు. వేరే గల్లీలోళ్ళు నవ్వుతుండ్రి, 'అపశకునాల జెండా' అని పేరు పెట్టిండ్రు. అననీ. మా జెండా కాడికి వచ్చినంత మంది ఏ జెండా కాడికి రాలె. బూంది కోసం అంటవా? బూందికే వచ్చిండ్రు అనుకో, వచ్చిండ్రు గద.

ఇగ గద్దె ముచ్చట. రెండువేల ఒకటి. మీ బాబాయి అప్పటికి లీడరైండు, తెల్ల ప్యాంటు, తెల్లంగి, ఎంట నలుగురు. 'ఈ తుప్పు పైపేంటి తాతా, పరువు తక్కువగా ఉంది, టైల్సు వేసి గద్దె కట్టిస్తా' అన్నడు. మేం సంబురపడ్డం. అంజవ్వ సుత సంబురపడ్డది, పని చేసే మేస్త్రీలకు కంకులు ఇచ్చింది, ఇచ్చుకుంటనే 'ఆ మూల వంకర పోతుంది' అని తిట్టింది. పైపు పీకిండ్రు. తెల్లటి రంగు వేసిన కొత్త పోలు వచ్చింది. ఇక్కడ వినుడు మొదలువెట్టు మంచిగ. ఆ యేడు అంజవ్వ ఎవరిని పిలిచిందంటే, లతను. ప్రభుదాస్ భార్య. ప్రభుదాస్ చెరుకు లారీ మీద పనికి పోతుండె, లారీ బోల్త పడి పోయిండు, ఎండకాలంల. లత నిండ ఇరవై అయిదేండ్ల పొల్ల, చర్చి ఎనుక ఇల్లు. చిన్న బిడ్డొకతె. అంజవ్వ కంకి పెట్టొచ్చింది మామూలుగనే.

పొద్దుగాల లత వచ్చింది. క్రిస్మస్‌కు కట్టుకునే చీర కట్టుకున్నది, బిడ్డ చేతిల కాయితం జెండా. కంకి తినలే ఆ పొల్ల. కొంగుల ముడేసుకొని తెచ్చింది, నన్ను పిలిచిండ్రు అని సాక్ష్యం చూపెట్టినట్టు. వచ్చి చూస్తే ఏమున్నది? శామియానా, కుర్చీలు, మైకు. మీ ఇంటి ఆడోళ్ళంత ముందటి కుర్చీలల్ల, మీ నాయనమ్మ సుత. జిల్లాకెంచి పెద్దసారు ఎవరో వస్తుండట. మీ బాబాయి లత కాడికొచ్చి, మంచిగనే, నవ్వుకుంట, 'ఈసారికి కొంచెం పక్కన నిలబడమ్మా' అన్నడు. ఆ పొల్ల జరిగింది. వాళ్ళకు జరుగుడు అలవాటు గద. అంజవ్వ ఉరికొచ్చింది. 'నేను పిలిచిన, ఆమె గుంజాలె' అన్నది. మీ బాబాయి ఏమన్నడో చెప్పనా? మెల్లగ, చెవుల చెప్పినట్టు, కని నేను పక్కనే ఉన్న. 'అవ్వా, కొత్త గద్దె, మొదటి జెండా. శకునం అని ఒకటుంటుంది కదా. మొగుడు చచ్చిన మనిషి చేత్తో మొదలుపెడితే రేపు జనం నన్నేమంటారు' అన్నడు.

నేను ఊకోలే. నాకు నోరు లేస్తే తెలుసు గద. 'పీకు నీ గద్దె, నా పైపు నాకియ్యి' అని ఒర్రిన. పోరగాండ్లు నన్ను భుజాలు పట్టి కుర్చీల కూసోపెట్టిండ్రు, తాతకు బీపీ ఉన్నదని. అవ్, బీపీ. కోపమొస్తే బీపీ అంటరు ఇప్పుడు. ఇంతల పెద్దసారు కారు దిగిండు. తాడు గుంజిండు. సాయీ, ఏదన్న అయితుండె అనుకుంటున్నవా? తాడు తెగలే, ముడి చిక్కుకోలే, వాన పడలే. జెండా మంచిగ ఎగిరింది, అంతకుముందు ఎగిరినట్టే ఎగిరింది. పూలు ఆయన టోపీ మీద పడ్డయి. ఆయన రుమాలు తీసి ఒక్కొక్కటి దులుపుకున్నడు. గదే నాకు మండుతది ఇప్పటికి. జెండాకేమెరుక ఎవరు గుంజిండ్రో. మనకు ఎరుకుండాలె.

లత ఏం చేసింది, కొంగు ముడి ఇప్పి ఆ కంకి తీసి గద్దె మీద, టైల్స్ మీద పెట్టింది. పెట్టి బిడ్డను ఎత్తుకొని పోయింది. మల్ల ఎన్నడు ఇటు దిక్కు రాలె. ఎవరో చీపురుతోని ఆ కంకిని కిందికి నూకబోతుంటే అంజవ్వ పోయి తీసుకున్నది. తీసుకొని సక్కగ మీ బాబాయి కాడికి పోయి, ఫోటోలు దిగుతున్నోని చేతుల పెట్టింది. 'ఉంచుకో బిడ్డా. ప్రతి ఇంటికి ఎన్నడో ఒకనాడు అక్కరొచ్చేదే ఇది' అన్నది. శాపం పెట్టిందని అన్నరు గల్లీల. ఆగు, నువ్వు గట్ల మొఖం పెట్టకు. శాపం గాదు. నేను అక్కడున్న. మీ అన్న పోయిన నాడు సుత ఎవడో మల్ల ఆ మాట ఎత్తితే నేను వాని గల్ల పట్టిన. ఆమె శాపాలు పెట్టే మనిషి గాదు. తిట్టే మనిషి. తిట్లు వేరు, శాపాలు వేరు. మొగడు పోని ఇల్లు ఏడున్నది, పిలుపు ఆగిపోని మనిషెవడు, గంతే ఆమె అన్నది.

మీ బాబాయి ఆ కంకి పట్టుకొని ఏం చెయ్యాల్నో తెలువక నిలబడ్డడు, ఫోటోగ్రాఫరు అటు, సారు ఇటు. గప్పుడు మీ నాయనమ్మ కుర్చీలకెంచి లేచింది. గా జనంల నడుచుకుంట వచ్చి కొడుకు ముందట చెయ్యి చాపింది. 'ఇలా ఇవ్వు. నీ చేతిలో ఉండాల్సింది కాదది' అన్నది. తీసుకున్నది, కొంగు కింద పెట్టుకున్నది, నడుచుకుంట ఇంటికి పోయింది. అప్పటికెంచి ఆమె పోయేదాంక ఆ గద్దె దిక్కు చూడలే. గుడికి పోవాలన్నా వెనుక గల్లీలకెంచి చుట్టు తిరిగి పోతుండె, మోకాళ్ళ నొప్పులతోని. నువ్వు చిన్నగుంటివి, నీ చెయ్యి పట్టుకొనే పోతుండె గద. ఎందుకు చుట్టు తిరుగుతున్నమని నువ్వెప్పుడన్న అడిగినవా?

మరుసటి యేడు అంజవ్వ మల్ల కంకి కాల్చింది. నేను చెప్పిన, వద్దక్కా అని. వినలే. చావడి వెనుక ఒక ఇంటికి పోయింది, ఆడ కొత్తగ మొగడు పోయిన ఆమె ఉండె. పోయి చేతుల పెట్టింది, పొద్దుగాల జెండా గుంజాలె అన్నది. ఆమె అడిగిందట, 'ఏడ గుంజాలె అవ్వా' అని. ఏం చెప్పాలె? పైపు లేదు, గద్దె మనది గాదు. కంకి మల్ల తీసుకొని వచ్చింది. వచ్చి నువ్వు కూసున్న తావుల్నే కూసోని, కాల్చిన కంకినే మల్ల కుంపటి మీద పెట్టి తిప్పింది, తిప్పింది. మాడి బొగ్గయింది. మల్ల మక్కల కాలం వచ్చేవరకు ఆమె లేదు. చలికి దగ్గు పట్టుకున్నది, దవాఖానకు తోల్కపోయినం, గంతే.

ఇగ ఆ గద్దెకు బండ పెట్టిండ్రు, చూసినవు గద, పేర్లే పేర్లు. కట్టించినోడు, తెరిచినోడు, పక్కకు నిలబడి నవ్వినోడు. ఆమె పేరు ఆ బండ వెనుక దిక్కు సుత లేదు. ఇప్పుడు నా పేరు చెక్కుతరా? నేను పైపు పాతినోన్ని. గా పైపు ఇంకా ఉన్నది, చూడు, దుకాణం మూలకు, చెదలు పట్టనిదొకటే మిగిలింది నాకు. శాలువ కప్పి నాతోని అవ్ అనిపిద్దామనుకుంటుండు మీ బాబాయి. నేను అన. చచ్చినా అన. పోయి చెప్పు. మీ ఇంటి ముందటికెళ్ళి నిన్న పోతుంటే మీ వదిన కిటికీల నిలబడ్డది. సిరీష. పెండ్లైన కొత్తల స్కూటీ తోల్కొచ్చి 'తాతగారూ కొంచెం గాలి కొట్టరా' అని నవ్వుతుండె. నన్ను చూసి నిన్న లోపటికి జరిగింది. ఇంట్ల, కిటికీ కాడ, నన్ను చూసి. ఎవరు నేర్పిండ్రు ఆ పొల్లకు జరుగుడు?

ఏంది? ఏమన్నవు? మల్ల చెప్పు, గట్టిగ చెప్పు, నాకు ఈ చెవు వినవడదు. దేవునర్రల? మీ నాయనమ్మ దేవుని పటాల పక్కకు? ఎండిపోయిన కంకి? కాలినదా అది, నల్లగుండెనా? ... ఎర్ర దారంతోని కట్టి ఉండెనా. మీరు ఇత్తనాలకు దాచిందనుకున్నరా. కాల్చిన గింజ యాడ మొలుస్తదిరా, రైతు బిడ్డవు, గంత తెలువదా నీకు. ఇప్పుడు సుత ఉన్నదా? మీ వదిన దులిపి మల్ల అక్కడనే పెడుతున్నదా. ఆమెకెవరన్న చెప్పిండ్రా అదేందో? చెప్పలే.

...

ఆ పక్కది తీస్కో. అవ్, గదే, నేను ముట్టకన్నది. ఉప్పుకారం రాసిన. ఆకుల చుట్టు, చెయ్యి కాలుతది. నాకేంది, నేను బాజాప్త, హక్కుతోని పిలిచేటోన్ని గాదు, ఆమె లేదు కాబట్టి నేను కాల్చిన. మీ వదిన చేతుల పెట్టు. టేబుల్ మీద కాదు, చేతుల. ఏమనాల్నో తెలుసు గద. రేపు జెండా కట్టేది నువ్వే, తాడు ఎవరి చేతులకిస్తవో నీ చేతిల్నే ఉన్నది. మీ బాబాయి ఏమంటడో అంటవా? అననీ. అన్నప్పుడు ఆ దేవునర్రల ఉన్న లత కంకిని తెచ్చి ముందట పెట్టు.

శాలువ ఇక్కడ పెట్టిపోకు, తీస్కపో. సూసుకుంట నడువు, ఆ మలుపు కాడ నీళ్ళు నిలిచినయి. పో, సల్లారితే గట్టిపడతది.